మారెమ్మ పడమటి గోడ

తళి నుంచి డెంకణికోటకు పోయే దారిలో, చిన్న వంతెన, అదే మోరీ, దాటి మిట్ట ఎక్కితే ఎడమ చేతి వైపు మొదటి ఇల్లు మారెమ్మది. ఆ ఇంటికి కొత్తగా వెళ్లినవాళ్లు కాసేపు అయోమయంలో పడడం ఖాయం. దాహమని అడిగితే "మంజులమ్మలో నీళ్లుండాయి, ముంచుకో" అంటుందామె. కంగారు పడనక్కర లేదు. మంజులమ్మ అంటే మూలనున్న ఇత్తడి బిందె. ఎప్పుడో ఒక ఎండాకాలం మంజులమ్మ అనే పొరుగావిడ ఊరు వదిలిపోతూ దాన్ని ఇచ్చిపోయింది. అప్పటినుంచి బిందెకు ఆవిడ పేరే నిలిచిపోయింది. మంచం పేరు తిమ్మరాజు. మేకల్లో ఒకదాని పేరు కొండప్ప, ఎందుకంటే దాన్ని పిల్లగా ఉన్నప్పుడు ఇచ్చినాయన పేరు అది. "కొండప్పకి గజ్జి పట్టింది, వేపాకు నూరి పూయల్ల" అని మారెమ్మ ఒకరోజు వాకిట్లో నిలబడి మొగుడికి గట్టిగా చెబుతున్నప్పుడు అసలు కొండప్ప అదే దారిన పోతున్నాడు. పెద్దమనిషి కాబట్టి నవ్వి ఊరుకున్నాడు.

ఈ పద్ధతి ఆమెకు పుట్టింటి నుంచి వచ్చింది. డెంకణికోట అవతల అడవి అంచున వాళ్లకు రవంత రాగి చేను ఉండేది. ఒక్కో ఏడు అది కోతకు వచ్చే వేళకు ఏనుగులు వచ్చి తొక్కిపోయేవి. అట్లాంటి ఏడు చుట్టుపక్కలవాళ్లు తెచ్చిపోసిన రాగుల్ని మారెమ్మ తల్లి కలిపి ఒక గాదెలో పోసేది కాదు. ఎవరివి వాళ్ల పేరున వేరే కుండలో పోసేది. ఈరోజు ఎవరి సంగటి తింటున్నామో పిల్లలకు తెలియాలని ఆమె పట్టుదల. సాయం పుచ్చుకుని చేయి కడుక్కున్నంత తేలిగ్గా మరిచిపోయే మనుషులు ఎందరినో చూశాం. మారెమ్మను చూస్తే అందుకే ముచ్చట వేస్తుంది, అప్పుడప్పుడు కోపమూ వస్తుంది. కోపం ఎందుకో ఆ గోడ సంగతి వింటే తెలుస్తుంది.

మారెమ్మ మొగుడు ఆంజప్ప మేకలు కాస్తాడు. ఆమె జయరామప్ప పాలీహౌసులో గులాబీలు కోస్తుంది. తెల్లారి వెళ్లి, పూలు కోసి, కట్టలు కట్టి, టెంపోకి ఎక్కించాక ఇంటికి వస్తుంది. ఆ టెంపోను జయరామప్పే నడుపుకుంటూ హోసూరు తీసుకుపోతాడు, సాయంకాలం అదే దారిన మారెమ్మ ఇంటి ముందునుంచి తిరిగి వస్తాడు. ఆయనది తరాలుగా ఆ నేలనే నమ్ముకున్న కుటుంబం. మాట తక్కువ, పని ఎక్కువ. రెండేళ్ల కిందట ఆంజప్ప బండ మీద నుంచి జారి కాలు విరగ్గొట్టుకున్నప్పుడు, ఆయన మార్కెట్టుకు బయలుదేరిన టెంపోను ఆపి, గులాబీ పెట్టెలన్నీ రోడ్డు పక్కన దించేసి, ఆంజప్పను ఎక్కించుకుని హోసూరు ఆసుపత్రికి పోయాడు. ఆరోజు పూలన్నీ ఎండలో వాడిపోయాయి. ఆ మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. ఆంజప్ప కుంటుతూనైనా నడుస్తున్నాడంటే అది జయరామప్ప చలవేనని మారెమ్మ లెక్క. మొగుడికి మాత్రం జయరామప్ప అని పేరు మార్చలేదు, అంతవరకు నయం.

ఇక గోడ. తళి వైపు వాన కుండపోతగా కురిసి వెళ్లిపోయే రకం కాదు. ఆషాఢం వచ్చిందంటే పడమటి గాలి, ఆ గాలితో సన్నటి జడి, రోజుల తరబడి ఒకే వైపు నుంచి కొడుతూ ఉంటుంది. మిట్ట మీది ఇల్లు కాబట్టి ఆ దెబ్బంతా మారెమ్మ పడమటి గోడకే. మట్టిగోడ. ఆమె అత్త కాళమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో మట్టి తొక్కి, ముద్దలు చేసి లేపిన గోడ. పోయిన ఏడాది ఆ జడికి బయటి పూత పెచ్చులు పెచ్చులుగా ఊడి, లోపలి రాగిగడ్డి బయటపడింది.

అప్పుడే జయరామప్ప పాలీహౌసుకు కొత్త ప్లాస్టిక్ పట్ట వేయిస్తున్నాడు. దించిన పాత పట్ట ఇంకా గట్టిగానే ఉంది. దారిన పోతూ మారెమ్మ గోడ చూశాడు. మర్నాడు ఆ తెల్లటి పట్టను, నాలుగు చెక్కబద్దల్ని టెంపోలో వేసుకొచ్చి, తానే నిచ్చెనెక్కి, పై నుంచి కింది దాకా గోడను కప్పి, అంచులన్నీ బద్దలతో బిగించి, అడుగున మట్టి కప్పి చీమ కూడా దూరకుండా చేశాడు. మారెమ్మ కింద నిలబడి మేకులు అందిస్తూ కళ్లు తుడుచుకుంది. ఆ వైపు సగం ఇళ్లకు అప్పటికే ఇట్లాంటి పాత పట్టలు ఉన్నాయి. పాలీహౌసులు వచ్చాక అక్కడివాళ్లకు అబ్బిన తెలివి అది. గులాబీని కాపాడిన పట్ట గోడను కాపాడదా అని వాళ్ల ధైర్యం.

కాపాడింది, వాననుంచి. కానీ మట్టిగోడ నేల చెమ్మను పీల్చుకుంటుంది, గాలికి వదిలేస్తుంది. దాని బతుకే అంత. వదిలే దారి మూసేసరికి గోడకు లోపలే చెమట పట్టింది. ఎండాకాలంలో కూడా పట్ట వెనక నీటి చుక్కలు జారేవి. గది లోపలి వైపు తెల్లటి బూజు పూసింది, తర్వాత నల్ల మచ్చలు, తర్వాత ముక్కిన వాసన. మారెమ్మ పేడతో అలికింది. వారం తిరక్కుండా బూజు అలికిన దాని మీద కూడా వచ్చింది.

చూపు మందగించిన కాళమ్మ ఒకరోజు ఆ గోడకు అరచేయి ఆనించి చాలాసేపు నిలబడింది. "గోడకి ఊపిరి ఆడలే మారీ. ఆ పట్ట పెరికెయ్యి" అంది.

పట్ట వల్లనేనని మారెమ్మకూ తెలుసు. కానీ అది జయరామప్ప పట్ట. ఆయన రోజూ రెండుసార్లు ఆ దారిన పోతాడు, పోయినప్పుడల్లా ఆ గోడవైపు ఒక చూపు చూస్తాడు. చేసిన మేలు బాగుందో లేదో చూసుకునే చూపు. దాన్ని పెరికి పక్కన పారేస్తే ఆయన మొహం ఎట్లా చూడాలి? మేలు చేసిన మనిషికి నీ మేలు మాకు కీడైందని చెప్పే నోరు ఆమెకు లేదు. అందుకే కోపం వస్తుందన్నాను.

జ్యేష్ఠంలో కూతురు రేణుకు శ్రీమంతం చేశారు. రేణును ఊత్తంగరైకి ఇచ్చారు. అల్లుడు అనంతకుమార్ హోసూరులో ఫ్యాక్టరీ పని చేస్తాడు. మొదటి కాన్పు హోసూరు ఆసుపత్రిలో, తర్వాత మూడు నెలలు పుట్టింట్లో అని అనుకున్నారు. బాలింతకు ఇచ్చే గది ఒక్కటే, ఆ పడమటి గోడ ఉన్న గది. శ్రీమంతానికి వచ్చిన వియ్యపురాలు ఆ గదిలోకి వెళ్లి, ముక్కు ఎగబీల్చి, మర్యాద తప్పకుండానే మాట చెప్పింది. చెమ్మ గదిలో పసిబిడ్డను పెడితే గుండెల్లో జలుబు చేరుతుందని, గోడ బాగుపడితే సరే, లేకుంటే ఆసుపత్రినుంచి తిన్నగా ఊత్తంగరైకే తీసుకుపోతామని. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. రేణు బస్సెక్కే ముందు తల్లి చేయి పట్టుకుని, తనకు ఇక్కడే ఉండాలని ఉందని మాత్రం చెప్పింది.

ఆ తర్వాత రేణు వారానికోసారి వీడియో కాల్ చేసి గోడ చూపించమనేది. మారెమ్మ ఫోనును తిప్పి తూర్పు గోడను చూపించేది. కూతురు ఆ ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల కదా, క్యాలెండర్ తగిలించిన గోడ ఏదో తెలియదా? పాపం, తల్లి మొహం చూసి ఏమీ తెలియనట్టే ఊరుకునేది.

చివరికి మారెమ్మ ఒక ఉపాయం పన్నింది. పై బద్దను అలాగే ఉంచి, పక్కలా కిందా ఉన్న మేకులు మాత్రం ఊడదీసింది. మధ్యాహ్నం పూల టెంపో హోసూరు వైపు దాటిపోగానే పట్టను చాపలా పైకి చుట్టి, గులాబీ కొమ్మలకు కట్టే తాడుతో కట్టేసేది. గోడకు గాలి తగిలేది. సాయంకాలం టెంపో తిరిగొచ్చే వేళకు తాడు విప్పి పట్ట దించి, అంచుల దగ్గర రాళ్లు పెట్టి, ఏమీ ఎరగనట్టు చీపురు పట్టుకుని వాకిట్లో నిలబడేది. వయసొచ్చిన మనిషి, పట్ట చుట్టేటప్పుడు చూడాలి, గోడ దూకే దొంగ కూడా అంత భయపడడు.

గోడ నెమ్మదిగా ఆరడం మొదలుపెట్టింది. జడి లేని మధ్యాహ్నాలు చూసుకుని అత్తా కోడళ్లు మరమ్మతు పెట్టుకున్నారు. ఎర్రమన్నూ చెరువు ఒండ్రుమట్టీ కలిపి, రాగిగడ్డి తుంచి వేసి, మారెమ్మ కాళ్లతో తొక్కి, నాలుగు రోజులు నాననిచ్చేది. వదులైన పెచ్చులన్నీ గీకేసి, గోడను తడిపి, మట్టి ముద్దను ఎత్తి బలంగా విసిరి, అరచేత్తో అదిమేది. కాళమ్మ బండ మీద కూర్చుని మట్టిని వేళ్లతో నలిపి చూసి, గడ్డి చాలలేదనో నీళ్లెక్కువయ్యాయనో చెప్పేది. ఒకేసారి మొత్తం పూయకూడదు, పూసినంత మేర ఆరాలి, ఆ తర్వాతే పక్క ముక్క. శ్రావణం వచ్చేస్తోంది. పట్ట దించాక రాత్రంతా మళ్లీ చెమ్మే. రెండడుగులు ముందుకు వేస్తే ఒకటి వెనక్కి పడుతున్నట్టు ఉండేది పని.

ఈ హడావుడిలో ఆమెకు ఒక సాయం దానంతట అదే దొరికింది. ఆషాఢం మొదలైనప్పటి నుంచి జయరామప్పకు ఒక కొత్త అలవాటు వచ్చింది. సాయంకాలం తిరిగొస్తూ మోరీ దగ్గర మలుపులో పొడుగ్గా హారన్ కొట్టేవాడు. అది విన్నాక టెంపో మిట్ట ఎక్కి రావడానికి కాస్త సమయం పడుతుంది. ఆ సమయంలో మారెమ్మ పట్ట దించేయగలిగేది. హారన్ ఎందుకు కొడుతున్నాడంటే, ఆ వేళకు ఆంజప్ప మేకల్ని తోలుకుని దారి దాటుతుంటాడు, వాటి మీదికి బండి పోకూడదని. అట్లా ఆమె అనుకుంది. అనుకుని, మా మేకల మీద కూడా ఎంత దయో అని ఇంకో దండం పెట్టుకుంది. దారినపోయేవాళ్లకు సంగతి తెలుసు. పాలీహౌసులో తోటి ఆడవాళ్లకూ తెలుసు. పూలు కోస్తూ "ఏం మారెమ్మా, తెర ఎప్పుడు లేస్తాది, నాటకం ఎప్పుడు చూపిస్తావు" అని ఆటపట్టించేవాళ్లు. ఆమె పెదవి మీద వేలు పెట్టుకుని జయరామప్ప ఉన్న వైపు చూసేది.

శ్రావణంలో ఒకరోజు బాగా ఎండ కాసింది. గోడలో మిగిలింది కిటికీ పక్కన ఒక పెద్ద ముక్క. అది అయితే బయటి పూత అయిపోయినట్టే. ఆరోజే ముగించేద్దామని మారెమ్మ పట్టను పైదాకా చుట్టేసింది. మోచేతుల దాకా మట్టి, చీర కుచ్చిళ్లు దోపి, ముద్ద ఎత్తి విసురుతోంది. హారన్ ఇంకా వినిపించలేదు కదా అని నిబ్బరంగా ఉంది. వెనక టెంపో ఆగిన చప్పుడైంది. తిరిగి చూస్తే జయరామప్ప బండి దిగి నిలబడి ఉన్నాడు.

మారెమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఒకసారి చుట్టిన పట్టవైపు చూసింది, ఒకసారి తాడువైపు చూసింది. ఇప్పుడు దించి ఏం లాభం. కాళమ్మ కూడా చప్పుడు విని మట్టిలో వేళ్లు ఆపేసింది. జయరామప్ప దగ్గరికి వచ్చాడు. ఆయన మొహంలో కోపం లేదు. తప్పు పని చేస్తూ దొరికిపోయినవాడు ఆయనే అయినట్టు, తల వంచుకుని తలపాగా సర్దుకున్నాడు.

"ఈపొద్దు హారన్ చెడిపోయింది మారెమ్మా. హోసూరులోనే బాగు చేపిచ్చుకోని రావల్సింది. మనసులో పెట్టుకోవద్దు" అన్నాడు.

ఆ మాట అర్థమయ్యాక మారెమ్మ కాళమ్మ పక్కన బండ మీద కూర్చుండిపోయింది. మోరీ దగ్గర మలుపులోంచి చూస్తే ఆమె పడమటి గోడ అద్దంలా కనిపిస్తుందట. మొదటి రోజే చూశాడట. బండి చప్పుడు విని ఆమె ఉరికి ఉరికి పట్ట దించుతుంటే, తడి నేల మీద కాలు జారి పడుతుందేమో అని భయం వేసిందట. మర్నాటి నుంచి మలుపులోనే బండి నెమ్మది చేసి, ముందుగా హారన్ కొట్టి, ఆమె పట్ట దించి చీపురు పట్టుకునేదాకా ఆగి, అప్పుడు గేరు వేసేవాడట. ఇదంతా ఆయన నేలవైపు చూస్తూ, మధ్యమధ్యలో ఆగుతూ చెప్పాడు.

"ఇచ్చిన చేతికి వద్దని ఎట్ల చెప్పేదప్పా. మీకు మనసు నొస్తాదని..." అంది మారెమ్మ. మాట సగంలోనే ఏడుపు వచ్చేసింది.

"నాకు తెలిసిపోయిందని నీకు తెలిస్తే నువ్వు చిన్నబోతావని నేనూ చెప్పలే" అన్నాడాయన. "మా అమ్మ కట్టిన గోడ అయితే ఇట్ల బిగించిండేవాణ్ణా? కాళమ్మ ఈడనే ఉండాది. ఒక మాట అడగకుండా మేకులు కొట్టింది నేనే కదా."

కాళమ్మ అప్పుడు నోరు విప్పింది. ఇద్దరూ మంచోళ్లే గాని, మీ మంచితనం మధ్యలో నా గోడ చచ్చేది అని, పళ్లు లేని నోటితో నవ్వింది. మేకల్ని తోలుకొచ్చిన ఆంజప్ప, పెళ్లానికీ జయరామప్పకీ ఏమైందో తెలియక, కొండప్ప చెవి పట్టుకుని అట్లాగే నిలబడి చూశాడు.

జయరామప్ప నిచ్చెన అడిగాడు. మారెమ్మ వద్దంటే వినలేదు. తాను కొట్టిన మేకులు తానే పీకాలన్నాడు. పైకెక్కి పై బద్ద ఊడదీసి, పట్టను కిందికి వదిలాడు. ఇద్దరూ దాన్ని పారేయలేదు. మేకల కొట్టం పైకప్పు మీద పరిచి కట్టారు. అక్కడ దాని కింద ఊపిరాడక పోయే మట్టిగోడ లేదు, గాలి ఎన్ని వైపుల నుంచైనా పోతుంది. ఇక జడికి గోడను ఎట్లా కాపాడాలని ఆలోచిస్తే, కాళమ్మ కొబ్బరి మట్టల తడికలు అల్లి గోడకు జానెడు దూరంగా కట్టమంది, వాన ఆగుతుంది, గాలి ఆడుతుంది. తన చిన్నతనంలో అంతే చేసేవాళ్లమంది. జయరామప్ప కిందికి దిగి చేతులు దులుపుకుని మారెమ్మవైపు తిరిగాడు.

"మా తోటలో మట్టలు ఉండాయి. కావల్నా, వద్దా? ఈసారి అడిగే ఇస్తా ఉండాను."

"కావల్లప్పా" అంది మారెమ్మ. అంత తేలిగ్గా ఆమె ఎప్పుడూ ఏదీ అడిగి పుచ్చుకోలేదు.

పట్ట పోయాక గోడ పగలూ రాత్రీ గాలి పీల్చుకుంది. తడికలు కట్టాక జడి దాని మీదికి రాలేదు. భాద్రపదం నాటికి లోపలి వైపు కూడా పేడా బూడిదా కలిపి అలికారు. వాసన పోయింది. ఈసారి మారెమ్మ తానే ఫోను చేసి, రేణుకు పడమటి గోడను మూల మూలా చూపించింది. "ఇది పడమటిదే కదమ్మా, క్యాలెండర్ లేదే" అని రేణు నవ్వింది.

వినాయక చవితి వెళ్లిన వారంలో రేణుకు ఆడపిల్ల పుట్టింది. హోసూరు ఆసుపత్రి నుంచి కారు తిన్నగా మిట్ట మీదికే వచ్చింది. కూడా వచ్చిన వియ్యపురాలు ముందుగా ఆ గదిలోకి వెళ్లి గోడకు అరచేయి ఆనించింది, పైనా, కిందా, కిటికీ పక్కనా. మారెమ్మ గుమ్మంలో నిలబడి ఆవిడ చేతినే చూసింది. వియ్యపురాలు బిడ్డను తెచ్చి ఆ గోడ పక్కనున్న తిమ్మరాజు మీద పడుకోబెట్టింది. ఆ మంచం పేరు ఆవిడకు తెలియదు కాబట్టి సరిపోయింది.

మూడు నాలుగు రోజులు గడిచాక మారెమ్మకు ఏదో వెలితిగా తోచింది. ఏమిటో మొదట తెలియలేదు. సాయంకాలం టెంపో మిట్ట ఎక్కి దాటిపోయాక తెలిసింది. పట్ట పోయాక కూడా అలవాటు కొద్దీ రోజూ మోగుతూ వచ్చిన హారన్ లేదు. మర్నాడు పూల కట్టలు ఎక్కిస్తూ, హారన్ మళ్లీ చెడిపోయిందా అని అడిగింది. బాగానే ఉందని, ఇంట్లో పసిబిడ్డ ఉంది కదా, లేస్తుందని కొట్టడం మానేశానని జయరామప్ప చెప్పాడు.

మారెమ్మ పూల కట్టను గుండెకు ఆనించుకుంది. తన ఇంట్లో ఎవరిచ్చింది ఏదో అన్నీ తెలుసని ఇన్నాళ్లూ అనుకుంది. ఆషాఢం అంతా, శ్రావణం అంతా, రోజూ సాయంకాలం ఒకటి ఇస్తూ వచ్చాడు ఈ మనిషి. దానికి ఆమె పేరు పెట్టుకోలేదు, కనీసం అది తనకు ఇస్తున్నదని కూడా అనుకోలేదు.

"కొట్టండప్పా. లేస్తే లేవనీండి. అది మా ఇంటి హారన్" అంది.

ఆ సాయంకాలం మోరీ దగ్గర మలుపులో హారన్ పొడుగ్గా మోగింది. బిడ్డ ఉలిక్కిపడి లేచి ఏడ్చింది. రేణు కంగారుగా లేవబోతే మారెమ్మ కూర్చోమని, తానే బిడ్డను ఎత్తుకుంది. "జయరామప్ప వచ్చినాడే తల్లీ, ఇంకేం లే" అని చెబుతూ గోడకు ఆనుకుని నిలబడింది. టెంపో మిట్ట ఎక్కి ఇంటి ముందునుంచి వెళ్లిపోయింది. వీపుకు గోడ వెచ్చగా, పొడిగా తగిలింది.